సాగర్‌లో సముద్రపు పిట్టలా? నాగార్జునకొండ లాంచీలో లేచిన ఒక అనుమానం

లాంచీ నాగార్జునకొండ వైపు కదిలిన పది నిమిషాలకు మా మేనమామ ఫోన్ తీసి నా ముఖం ముందు పెట్టాడు. మిర్యాలగూడ వాట్సాప్ గ్రూపులో తిరుగుతున్న వీడియో. తెల్లటి పిట్టలు, నల్ల టోపీ పెట్టుకున్నట్టు తలలు, నిమ్మపండు రంగు ముక్కులు, కెమెరా మీదికే గుంపుగా వచ్చి అరుస్తున్నాయి. కింద ఎవరో రాశారు: "సాగర్‌కు సముద్ర పక్షులు! తుపానుకు కొట్టుకొచ్చినయి." సరిగ్గా అప్పుడే లాంచీ పక్కన అలాంటిదే ఒకటి గాలిలో ఆగి, తలకిందులుగా నీళ్ళలో పడి, వేలెడంత చేపతో లేచింది.

"ఏంరా, గివి సముద్రం పిట్టలేనా? గింత దూరం ఎట్లొచ్చినయిరా?"

ఒడ్డు దిగేలోపు చెప్పేద్దామనుకున్నాను. కుదరలేదు. ఆ ఒక్క ప్రశ్నలో మూడు ప్రశ్నలు చిక్కుపడి ఉన్నాయి. సముద్ర పక్షి అని దేన్ని అంటాం? ఆ రంగులు ఎందుకు? దీవి అని మనం పిలుస్తున్నది ఎంతకాలం దీవిగా ఉంటుంది? పిట్టల బతుకంతా ఈ మూడోదాని మీదే నిలబడి ఉంది. తీరా చూస్తే ఆ వీడియోకు జవాబు కూడా అక్కడే దొరికింది.

సముద్ర పక్షి అనేది ఇంటిపేరు కాదు, వృత్తి పేరు

కమ్మరి, కుమ్మరి అన్నట్టే సముద్ర పక్షి అన్నది కూడా చేసే పనిని బట్టి వచ్చిన పేరు. తిండి సముద్రంలో, విశ్రాంతి సముద్రం మీద, నేల మీదికి రావడం గుడ్లు పెట్టడానికి మాత్రమే. ఇలా బతికే పక్షులు ఒకే కుటుంబానికి చెందినవి కావు. వేరువేరు వంశాలవి ఒకే పనిలో కుదురుకున్నాయి. ప్రపంచం మొత్తం మీద ఇలాంటివి సుమారు 350 జాతులు ఉంటాయని లెక్క. ఆ లెక్కలో ఎవరిని చేర్చాలి, ఎవరిని వదిలేయాలి అన్నదగ్గర పక్షిశాస్త్రజ్ఞులు కూడా ఒక్కమాట మీద లేరు. గొడవంతా గల్‌లు, టెర్న్‌లు (రెండూ నీళ్ళ మీద తిరిగే తెల్లటి పిట్టలు), నీటికాకులు, గూడబాతుల దగ్గరే. వీటి చుట్టాల్లో సముద్రం వదలనివాళ్ళు ఉన్నారు, సముద్రం మొహమే చూడనివాళ్ళూ ఉన్నారు.

ఒక గుర్తు మాత్రం ఆసక్తికరమైనది. సముద్రం మీద బతికే పక్షికి తాగడానికి ఉప్పునీళ్ళే దిక్కు. అందుకని కళ్ళ పైభాగాన ఉప్పు గ్రంథులు ఉంటాయి. ఒంట్లో చేరిన ఉప్పును చిక్కటి ద్రవంగా ముక్కు వెంట బయటికి పంపేస్తాయి. గల్‌లలో ఈ గ్రంథి తిండినిబట్టి మారుతుంది. ఉప్పు ఎక్కువైతే పెరుగుతుంది, మంచినీళ్ళ దగ్గర ఉంటే కుదించుకుపోతుంది. అంటే ఒకే పక్షి రెండు సంసారాలూ నడపగలదు.

ఇప్పుడు మన లాంచీ పక్కన కనిపించేవాటిని ఈ కొలతతో చూద్దాం.

పసుపు ముక్కు, నల్ల టోపీ, ఎర్రటి పొట్టి కాళ్ళు, లోతుగా చీలిన తోక ఉన్నది రివర్ టెర్న్. పేరులోనే నది ఉంది. తినేది నదిలో, పొదిగేది నదిలోని ఇసుక దిబ్బల మీద, రాళ్ళ మీద. కృష్ణ, తుంగభద్ర, గోదావరి దీని సొంత ఊళ్ళు. దీన్ని సముద్రం నుంచి వచ్చిందనడం దేవరకొండ మనిషిని పట్టుకుని విశాఖపట్నం నుంచి ఎప్పుడు దిగావని అడిగినట్టే.

చలికాలంలో దక్కన్ జలాశయాల మీద కనిపించే బ్రౌన్ హెడెడ్ గల్ కథ ఇంకా తమాషా. గల్ అనగానే బీచ్ గుర్తొస్తుంది కదా, ఇది గూడు కట్టేది లద్దాఖ్, టిబెట్ వైపు ఎత్తైన పీఠభూముల్లోని సరస్సుల దగ్గర. చలికి కిందికి దిగి, కొన్ని తీరానికీ కొన్ని మన చెరువులకూ వస్తాయి. ఆ రోజుల్లో దాని తల గోధుమరంగులో ఉండదు. ఆ రంగు పోయి, కన్ను వెనక ఒక నల్లచుక్క మిగులుతుంది. అందుకే పుస్తకంలో బొమ్మ చూసి పోల్చబోతే దొరకదు.

నీటికాకి, గూడబాతు సంగతి ఇంతకుముందే చెప్పాను, గీత మీద నిలబడ్డవాళ్ళు. ఎర్రకాళ్ళ కొంగ, లకుముకి పిట్ట, తీతువు సముద్ర పక్షులే కావు. రంగులుండి నీళ్ళ దగ్గర తిరిగితే చాలు, వీడియోల్లో వీటికీ అదే పేరు పడుతోంది.

తుపాను మాట పూర్తిగా కల్పితమా?

కాదు. బంగాళాఖాతంలో తుపాను తీరం దాటినప్పుడు ఫ్రిగేట్ పక్షులు, సూటీ టెర్న్‌ల లాంటి అసలు సిసలు సముద్ర పక్షులు గాలికి లోపలికి కొట్టుకురావడం నిజంగా జరుగుతుంది. బాపట్ల తీరం నుంచి సాగర్‌కు సూటిగా కొలిస్తే దాదాపు 150 కిలోమీటర్లు. గంటకు 40 కిలోమీటర్ల లెక్కన ఎగిరే పక్షికి నాలుగు గంటల దారి. దూరం అడ్డు కాదు.

కానీ అలా వచ్చినవి ఒకటో రెండో ఉంటాయి, ఆకలితో, అలసటతో నేలకు అతుక్కుని ఉంటాయి. మామ ఫోన్‌లోనివి గుంపుగా, రెక్కల నిండా శక్తితో, మనిషి నెత్తి మీదికి దూకుతున్నాయి. దీన్ని గుర్తుపెట్టుకోండి, మళ్ళీ ఇక్కడికే వస్తాం.

రంగంతా ముక్కులోనే ఎందుకు?

రంగురంగుల సముద్ర పక్షి అనగానే అందరికీ గుర్తొచ్చేది పఫిన్. ఐస్‌లాండ్, బ్రిటన్ దీవుల్లో కొండచరియల మీద బొరియలు చేసుకుని గుడ్డు పెట్టే పక్షి. నారింజ, పసుపు, బూడిద నీలం చారల ముక్కు. కాస్త నిదానంగా చూస్తే ఒంటి మీద ఉన్నవి నలుపు, తెలుపే. రంగులన్నీ ముక్కులో, కాళ్ళలో ఉన్నాయి. సముద్రం మీద బతికేవాటిలో ఇదే పద్ధతి ఎక్కువ. గలపగోస్ దీవుల్లోని బ్లూ ఫుటెడ్ బూబీకి ఒళ్ళు మామూలే, పాదాలు మాత్రం నీలం. మన రివర్ టెర్న్ కూడా అంతే, బూడిద తెలుపు ఒంటికి పసుపు ముక్కు.

కారణం తిండిలో ఉంది. పైనుంచి చేప మీద పడాల్సిన పక్షికి పొట్ట తెల్లగా ఉంటే మేలు. కింద నుంచి చూసే చేపకు తెల్లటి పొట్ట ఆకాశంలో కలిసిపోతుంది. ఒంటికి ముదురు రంగులు పూసుకుంటే పస్తే. మరి జత కోసం ముస్తాబు ఎక్కడ చేసుకోవాలి? ముక్కుకు, కాళ్ళకు.

ఆ ముస్తాబుకూ ఖర్చుంది. పసుపు, నారింజ రంగులు కెరోటినాయిడ్‌లు అనే వర్ణకాల వల్ల వస్తాయి. పక్షి ఒళ్ళు వాటిని సొంతంగా తయారుచేసుకోలేదు, తిండి నుంచే రావాలి. రాజహంస గులాబీ రంగు కూడా అది తినే సన్న రొయ్యల నుంచీ నాచు నుంచీ వచ్చిందే. బూబీకి రెండు రోజులు తిండి లేకుండా చేస్తే పాదాల రంగు మసకబారిందని పరిశోధకులు చూశారు. ఆడపక్షి ఆ పాదాలను చూస్తున్నదంటే మగపక్షి ఈ వారం ఎన్ని చేపలు పట్టిందో చూస్తున్నట్టే. రంగు ఏడాది పొడవునా అక్కర్లేదు కూడా. పఫిన్ ముక్కు మీది రంగు పెంకులు చలికాలానికి ఊడిపోతాయి. రివర్ టెర్న్ ముక్కు కొస చలికాలంలో నల్లబడుతుంది, టోపీ చెదిరి మచ్చలు పడుతుంది. నిండు పసుపు ముక్కు కనిపించిందంటే గుడ్ల కాలం వచ్చిందని అర్థం.

నీలం సంగతి వేరు. మన రాష్ట్ర పక్షి పాలపిట్ట రెక్క విప్పితే మెరిసే నీలంలో గానీ, లకుముకి వీపు నీలంలో గానీ నీలి వర్ణకం లేదు. ఈక లోపలి సన్నని నిర్మాణం వెలుతురులోని నీలాన్ని మాత్రం వెనక్కి కొడుతుంది. వంటింట్లో చక్కెర డబ్బా మూత తీసి చూడండి. కుప్పగా తెల్లగా ఉంటుంది, ఒక్క పలుకు తీసి చూస్తే గాజులా ఉంటుంది. తెల్ల రంగు ఎక్కడా కలపలేదు, పలుకుల మధ్య వెలుతురు చెదిరి తెలుపైంది. ఈక నీలం కూడా ఇలా నిర్మాణం వల్ల వచ్చిందే. నూరి పొడి చేస్తే నీలం పోయి మట్టిరంగు మిగులుతుంది. దసరానాడు పాలపిట్టను చూసి జేబులో ఈక దాచుకునేవాళ్ళకు ఇది చెప్పాను, ఎవరూ నూరి చూడలేదు. మంచిదే.

ఇంకొక్క రంగు. గల్ రెక్కల కొసలు నల్లగా ఎందుకుంటాయి? నలుపునిచ్చే మెలనిన్ ఈకను గట్టిపరుస్తుంది. గాలి రాపిడి ఎక్కువగా తగిలేది కొసలకే. చెప్పు కింద నాడా కొట్టించుకున్నట్టు.

దీవి ఎంతకాలం దీవి?

నాగార్జునకొండ పుట్టుకతో దీవి కాదు. ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఉన్న లోయ పక్కన ఒక కొండ. 1955 డిసెంబరు 10న సాగర్ ఆనకట్టకు పునాది రాయి పడింది, 1967లో కాలువలకు నీళ్ళు వదిలారు. లోయ మునిగింది, తవ్వి తీసిన కట్టడాల్లో కొన్నిటిని కొండ మీదికీ కొన్నిటిని ఒడ్డున ఉన్న అనుపుకూ తరలించి మళ్ళీ కట్టారు. కొండ కొన మాత్రం నీళ్ళపైన మిగిలి దీవి అయింది. ఇప్పుడది ఆంధ్రప్రదేశ్ హద్దులో ఉంది. ఇటు ఒడ్డు నల్లగొండ. పిట్టలు రెండు రాష్ట్రాల్లోనూ చేపలు పడుతున్నాయి, కృష్ణా నదీ యాజమాన్య బోర్డుకు ఫిర్యాదు అందినట్టు లేదు.

కొండ అంత ఎత్తున్నది కనుక ఎప్పుడూ దీవే. టెర్న్‌లకు కావలసినవి ఇలాంటి దీవులు కావు. అవి గుడ్లు పెట్టేది నీళ్ళు తగ్గినప్పుడు తేలే ఇసుక మెట్టల మీద, బండల మీద. చెట్టు అక్కర్లేదు, గూడు అల్లవు, చిన్న గుంట చేసి రెండో మూడో గుడ్లు పెడతాయి. రక్షణ అంతా చుట్టూ ఉన్న నీళ్ళే. నక్క, కుక్క, ముంగిస, పిల్లి దాటి రాలేవు. లక్షద్వీప్‌లో పిట్టి అనే బోడి ఇసుక దీవి మీద సముద్రపు టెర్న్‌లు వేలల్లో గుడ్లు పెట్టేదీ ఈ కారణంతోనే. పేరు విని మన పిట్టే అనుకుంటాం, వినడానికి బాగుంది కదా.

తేడా ఒక్కటి. పిట్టి చుట్టూ నీళ్ళు పోటుపాట్ల లెక్క ప్రకారం నడుస్తాయి. సాగర్‌లో నీళ్ళు గేట్ల లెక్క ప్రకారం నడుస్తాయి.

సాగర్ ఫుల్ లెవెల్ 590 అడుగులు. కనీస నీటిమట్టంగా చెప్పుకునేది 510 అడుగులు. మధ్యలో 80 అడుగుల ఆట ఉంది. ఇది నిలువు లెక్క. పిట్టకు కావలసింది అడ్డం లెక్క. ఒడ్డు నిటారు బండ అయితే 80 అడుగులు దిగినా కొత్త నేల తేలదు, రాయి మీద తెల్లటి పట్టీ మాత్రం కనిపిస్తుంది. ఒడ్డు ప్రతి 50 అడుగులకు ఒక అడుగు చొప్పున వాలుతోందనుకోండి. మట్టం ఒక్క అడుగు తగ్గితే 50 అడుగుల నేల బయటపడుతుంది. 80 అడుగులు తగ్గితే 4,000 అడుగులు, కిలోమీటరు పైచిలుకు.

అలాంటి చోట ఒక మెట్ట తేలింది, దానికీ ఒడ్డుకూ మధ్య 200 అడుగుల వెడల్పు నీళ్ళున్నాయి, ఆ నీళ్ళ లోతు రెండడుగులే అనుకుందాం. ఫిబ్రవరి చివర టెర్న్‌లు గుడ్లు పెట్టాయి. పొదగడానికి మూడు వారాలు, పిల్ల ఎగరడానికి ఇంకో నాలుగు వారాలు వేసుకుందాం, మొత్తం ఏడు వారాలు. ఈ ఏడు వారాల్లో మట్టం రెండడుగులు తగ్గితే ఆ 200 అడుగులూ ఆరిపోయి దీవి కాస్తా ఒడ్డుకు అతుక్కుంటుంది, కుక్క నడిచి వస్తుంది. అలాకాక తాగునీటి కోసం శ్రీశైలం నుంచి నీళ్ళు వదిలి సాగర్ మట్టం రెండడుగులు పెరిగితే, అడుగెత్తు మెట్ట మీది గుడ్లు మునుగుతాయి. తగ్గినా ముప్పే, పెరిగినా ముప్పే. నది నదిగా ఉన్నప్పుడు ఫిబ్రవరి నుంచి మే దాకా నీళ్ళు నెమ్మదిగా తగ్గుతూ పోయేవి, జూలై, ఆగస్టుల్లో వరద వచ్చేనాటికి పిల్లలు ఎగిరిపోయేవి. ఆ పంచాంగం టెర్న్‌కు తెలుసు. గేటు పంచాంగం తెలియదు.

కొల్లాపూర్ దగ్గర సోమశిల వెళ్తే ఇది ఇంకా బాగా కనిపిస్తుంది. అక్కడివి శ్రీశైలం వెనుక జలాలు. నిండితే 885 అడుగులు, అవతలి ఒడ్డున సంగమేశ్వరం గుడి మునిగి ఉంటుంది, వేసవికి తేలుతుంది. గుడి తేలిందంటే చుట్టూ పిట్టలకు మెట్టలు తేలుతున్నట్టే.

ఒకే ఇసుక, నలుగురు వాటాదారులు

దీవి చుట్టూ చూడదగ్గవి పిట్టలే కాదు. కృష్ణలో ఉండేది మంచినీటి మొసలి. ఉప్పునీటి మొసలి కాదు, ఒడిశా భితర్‌కనికా వీడియోలు చూసి ఇక్కడ భయపడనక్కర్లేదు, అలాగని దగ్గరికి పోనూ అక్కర్లేదు. అది కూడా వేసవిలోనే ఒడ్డు ఇసుకను తవ్వి గుడ్లు పెట్టి వానలకు ముందు పిల్లలను దించుతుంది. గుంటలో వేడిని బట్టి పిల్ల ఆడదో మగదో తేలుతుంది. మెత్తటి డిప్ప తాబేళ్ళూ ఇసుకలోనే. నీటికుక్కలు ఇసుక మీద దొర్లి ఒళ్ళు ఆరబెట్టుకుంటాయి. నీళ్ళు వెనక్కి పోయిన ఒండ్రు నేలలో పంట వేసుకునే మనుషులూ ఉన్నారు, ఆ నేలకు వాళ్ళ హక్కు కూడా చిన్నదేమీ కాదు. మునిగిన ఊళ్ళవాళ్ళలో కొందరు తమ పాత భూమినే వేసవి నాలుగు నెలలూ దున్నుకుంటారు. ఇసుక లారీల సంగతి నేను రాయనక్కర్లేదు.

లాంచీ దగ్గరికి పోతే నిజంగా నష్టమా?

ఇక్కడ రెండు మాటలున్నాయి, రెండింటిలోనూ నిజం ఉంది.

లాంచీవాళ్ళూ పుట్టివేసి వల లాగేవాళ్ళూ అనేది ఇది: "రోజూ చూస్తయి మమ్మల్ని, భయం లేదు వాటికి." ఒప్పుకోవాలి. చేపలు పట్టే టెర్న్ లాంచీ వెనకాలే వస్తుంది, ఇంజను కలబెట్టిన నీళ్ళలో చేప పైకి తేలుతుందని దానికి తెలుసు.

గుడ్ల మీద కూర్చున్న టెర్న్ మాత్రం వేరే మనిషి. ఏప్రిల్ మధ్యాహ్నం బండ మీద గుడ్డుకు వేడి ఇవ్వడం కాదు, నీడ ఇవ్వడం పని. తీతువులూ టెర్న్‌లూ పొట్ట ఈకలు నీళ్ళలో తడుపుకుని వచ్చి గుడ్ల మీద కూర్చుంటాయి. ఒక పడవ వచ్చి పిట్టను 15 నిమిషాలు లేపిందనుకోండి, పెద్ద నష్టం లేకపోవచ్చు. ఒక మధ్యాహ్నం ఐదు పడవలు అదే పని చేస్తే 75 నిమిషాలు గుడ్డు ఎండలో ఉంది. ఆ సందులో కాకి వస్తుంది. కాకి ఎందుకొచ్చింది? మనం పారేసిన మిక్చర్ పొట్లం కోసం.

ఇప్పుడు మామ వీడియోకు వద్దాం. టెర్న్‌లు గుంపుగా నెత్తి మీద తిరుగుతూ, అరుస్తూ, దూకుతూ ఉన్నాయంటే అది స్వాగతం కాదు. గూళ్ళ మధ్య నిలబడ్డ మనిషిని తరుముతున్నాయి. కెమెరా పైకి చూస్తోంది, కాళ్ళ దగ్గర ఏముందో చూపించలేదు. తుపానుకు కొట్టుకొచ్చిన పక్షికి కాపాడుకోవడానికి అక్కడ ఏమీ ఉండదు. ఆ వీడియో తీసిన మనిషి తనకు తెలియకుండానే వాటి చిరునామా చెప్పేశాడు: ఇవి ఇక్కడివే, గుడ్లు ఇక్కడే ఉన్నాయి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అడవి పక్షుల గుడ్లు తీయడం, పాడుచేయడం నేరం. తొక్కినవాడు కావాలని తొక్కడు, ఇసుక రంగు గుడ్లు కనిపించవు మరి.

దగ్గరికి పోకుండా ఎలా చూడాలన్నదానికి లెక్క సులువు. 8 రెట్ల బైనాక్యులర్‌తో 100 మీటర్ల దూరంలోని పిట్ట పన్నెండున్నర మీటర్ల దూరంలో ఉన్నట్టు కనిపిస్తుంది. ఫోన్‌కు ఆ బలం లేదు, అందుకే ఫోన్ మనిషిని ముందుకు నడిపిస్తుంది.

ఆనకట్ట పిట్టలకు మేలు చేసిందా?

చేసిందనేవాళ్ళు చూపించేది కర్ణాటకలో భద్ర జలాశయాన్ని. అక్కడ నీళ్ళ మధ్య తేలే మెట్టల మీద రివర్ టెర్న్‌లు ఏటా పెద్ద గుంపుగా పొదుగుతాయి. జలాశయం లేకపోతే ఆ దీవులే లేవు. వేసవిలో కూడా లోతు నీళ్ళు, చేపలు ఉండడం నీటికాకులకు కలిసొచ్చింది. అవి చేపలు తినేస్తున్నాయని వలలవాళ్ళ కోపం, అది ఇంకో వ్యాసం.

లేదనేవాళ్ళు చూపించేది మొత్తం లెక్కను. రివర్ టెర్న్‌ను ప్రపంచస్థాయి జాబితాలో ముప్పులో పడ్డ (వల్నరబుల్) జాతుల్లో పెట్టారు. దాని చుట్టం, పొట్ట నల్లగా ఉండే టెర్న్ అంతకన్నా ప్రమాదంలో ఉంది. నదుల నిడివి అంతా ఇసుక మెట్టలు పోయి, అక్కడక్కడా జలాశయాల్లో దీవులు మిగిలాయి. గుడ్లన్నీ ఒకే బుట్టలో పడ్డాయి, ఆ బుట్టను ఎత్తేదీ దించేదీ గేట్లు.

రెండు వాదనలూ ఒకే మనిషి ఒప్పుకోవచ్చు, నేను ఒప్పుకుంటాను. నాకు రెండో వాదన బరువు ఎక్కువనిపిస్తుంది. భద్ర ఒకటి, నదులు చాలా.

తిరుగు లాంచీలో మామ ఫోన్ తీయలేదు. ఎదురుగా బండల మీది తెల్లటి పట్టీని చూస్తూ కూర్చున్నాడు, వానాకాలంలో నీళ్ళు ఎక్కడిదాకా వచ్చాయో ఆ గీత చెబుతోంది. ఆ కింద దూరంగా ఒక మెట్ట, దాని మీద తెల్లచుక్కలు.

"లెవెల్ ఎంతున్నది తమ్మీ ఇయ్యాల?" అని డ్రైవర్‌ను అడిగాడు.

"522 ఉన్నది సార్. ఇంకా దిగుతది."

"దిగితే ఆ దిబ్బకు కుక్కలు నడుసుకుంట పోవా?"

"పోతయి సార్. నిరుడు పోయినయి."